బోర్లించిన మగ్గు

ఆ ఇంట్లో తోడికోడళ్ళ మధ్య మాటలు ఆగిపోయి మూడు నెలలైంది. అప్పటినుంచి వాళ్ళిద్దరికీ మధ్యవర్తి ఒక ప్లాస్టిక్ మగ్గు.

ఎర్ర మగ్గు. పిడి ఎప్పుడో విరిగింది. పెరట్లో కోళ్ళ దొడ్డి తలుపు పక్కన ఒక గుంజ, గుంజ తల మీద చిన్న చెక్కపలక, పలక మీద ఆ మగ్గు. నిలబెట్టి ఉంటే కోళ్ళకు ఇంకా నీళ్ళు పోయలేదని, బోర్లించి ఉంటే పోసేశారని అర్థం. వంటింటి వెనక గుమ్మంలో నిలబడి చూస్తే చాలు, దొడ్డిదాకా నడవక్కర్లేదు. పొద్దున పెద్దకోడలు నీళ్ళు పోసి మగ్గు బోర్లిస్తుంది. మధ్యాహ్నం భోజనానికి వచ్చిన చిన్నకోడలు గుమ్మంలోంచి చూస్తుంది. నిలబెట్టి ఉంటే తనే పోస్తుంది, బోర్లించి ఉంటే తన పని తాను చూసుకుంటుంది. సాయంత్రం ఆవిడే మేత వేసి, మళ్ళీ నీళ్ళు నింపి, మర్నాటి కోసం మగ్గును తిరిగి నిలబెడుతుంది.

ఈ ఏర్పాటు మామగారిది. ఆయన ముప్ఫై నాలుగేళ్ళు రైల్వే సిగ్నల్ కేబిన్‌లో లీవర్లు లాగిన మనిషి. రిటైరయ్యాక రైళ్ళు లేని లోటు కోళ్ళతో తీర్చుకున్నాడు. ఒళ్ళు మోయలేక నిదానంగా నడిచే నల్లపెట్ట పేరు గూడ్సు. మేతగిన్నె చప్పుడైతే చాలు ఊడిపడేది ఎక్స్‌ప్రెస్సు. అందరూ తిని పోయాక తీరిగ్గా వచ్చి ఖాళీ నేల గీరుకునేది పాసింజరు. అన్నిటికీ వెనక నడిచే పుంజు గార్డు. మొత్తం ముప్ఫై మూడు. కోడళ్ళకు పని నేర్పేటప్పుడు కూడా ఆయనకు కేబిన్ భాషే వచ్చింది.

"ముందు పని, తర్వాత గుర్తు. నీళ్ళు తొట్టిలో పడ్డాకే మగ్గు మీద చెయ్యి పడాలి. పని కాకుండా గుర్తు మార్చామంటే అవతలివాడు లైన్ క్లియర్ అనుకుని బండి వదిలేస్తాడు."

కోడళ్ళిద్దరూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేవారు. "అయితే కోళ్ళు గుద్దుకుంటాయా మామయ్యా?" అని చిన్నకోడలు ఆటపట్టించేది. మిగతా వేళల్లో ఎంత సరదా మనిషైనా ఆ ఒక్క విషయంలో ఆయన నవ్వేవాడు కాదు.

ఏడాదిన్నర కింద ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడివైపంతా పడిపోయింది, మాట పోయింది. ఎడమచెయ్యీ, కళ్ళూ, లోపలి తెలివీ మాత్రం మిగిలాయి. మంచం పెరటి కిటికీ పక్కకు మార్పించారు. అక్కడినుంచి దొడ్డి మొత్తం కనిపిస్తుంది, గుంజతో సహా. ఏం కావాలన్నా స్టీలు గ్లాసుతో కిటికీ ఊచ మీద కొడతాడు. దాహమేసినా అదే, పక్క తడిసినా అదే, ముక్కు మీద ఈగ వాలినా అదే. ఒకే చప్పుడుకు పదహారు అర్థాలైతే ఇంట్లోవాళ్ళు మాత్రం ఎన్నని పట్టుకోగలరు?

ఇక మాటలు ఎందుకు ఆగాయో చెప్పాలి. చెప్పుకోవడానికి సిగ్గుపడాల్సిన సంగతి, అయినా చెప్పాలి.

చిన్నకోడలి భర్త రెండేళ్ళ కింద పోయాడు. మూడు రోజుల జ్వరం, అంతే. పిల్లల్లేరు. ఆవిడ వెనకవీధిలో ఇస్త్రీ దుకాణంలో పనిచేస్తుంది. పుట్టింట్లో అన్న ఉన్నాడు గానీ, వదిన "ఎన్నాళ్ళుంటావు?" అని గుమ్మంలోనే అడిగే రకం. కాబట్టి ఆవిడకు ఈ ఇల్లే దిక్కు. పెద్దకోడలు టైలరు దుకాణంలో అంచులు కుట్టడం, హుక్కులు వేయడం లాంటి చేతిపని చేస్తుంది. భర్త బస్సు డ్రైవరు, కూతురు హాస్టల్లో చదువుతోంది. ఒక ఆదివారం భోజనాల దగ్గర చిన్నకోడలు రెండో గుడ్డు కంచంలో వేసుకుంది. ఆ రోజు పెద్దకోడలికి పొద్దుటినుంచీ తలనొప్పి, చిరాకు, ఎవరి మీదో ఉన్న కోపం ఎవరి మీదో చూపించాలన్న దురద. నోరు జారింది.

"కోడే నయం. తిన్నందుకు ఏదో ఒకటి ఇస్తుంది."

చిన్నకోడలు గుడ్డును తీసి గిన్నెలో పెట్టేసింది. చెయ్యి కడుక్కుని లేచింది. అంతే, మళ్ళీ తోడికోడలితో మాట్లాడలేదు. అన్నది ఎంత పాపిష్టి మాటో, అది తిండి దగ్గరా పిల్లల దగ్గరా రెండు చోట్లా గుచ్చుతుందనీ పెద్దకోడలికి ఆ క్షణమే తెలుసు. తెలియడం వేరు, వెళ్ళి "తప్పైపోయింది" అనడం వేరు. పెద్దరికం అడ్డొచ్చింది. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటుండగా మూడు నెలలు గడిచాయి. ఇంతకుముందు "అక్కా, నీళ్ళు పోశావా?" "పోశానే" అని ఇల్లంతా వినిపించేలా అరుచుకునేవాళ్ళు. ఇప్పుడు ఎర్ర మగ్గే గతి.

ఆ రోజు పొద్దున ఏడింటికే గోడలు వేడెక్కాయి. పదిహేను రోజుల కింద కుక్క చొరబడి రెండు పెట్టల్ని ఎత్తుకుపోయినప్పటినుంచి కోళ్ళను దొడ్డి దాటనివ్వడం లేదు. పెద్దకోడలు తవుడులో నలగ్గొట్టిన మొక్కజొన్నా, గుడ్డుపెంకుల పొడీ కలిపి వేసింది. అవి మేత మీద పడ్డాక తొట్టి సంగతి చూసింది. తొట్టంటే బస్సు టైరు. డిపోలో పడున్న పాత టైరును ఆవిడ భర్త రెండు సగాలుగా కోయించి, ఒక సగం తెచ్చి దొడ్డిలో పడేశాడు. రెండు పుంజులు దాని మీదెక్కి కొట్లాడుకున్నా అంగుళం కదలదు. మనిషి ఒంపాలన్నా రెండు చేతులా ఎత్తి, మోకాలు ఆనించాలి. అడుగున పాచి పట్టి పచ్చగా ఉంది. ఆవిడ దాన్ని ఎత్తి పాతనీళ్ళన్నీ పారబోసి, పీచుతో శుభ్రంగా తోమింది. బకెట్టు కోసం లేవబోతుండగా కిటికీ ఊచ మీద గ్లాసు మోగింది.

"వస్తున్నా మామయ్యా!"

గ్లాసు ఆగలేదు. ఆవిడ లేచి, పీచును గుంజకున్న మేకుకు తగిలించింది. మేకుకు జానెడు పైనే పలక. రోజూ చేసే పనే కదా, చెయ్యి దానంతటదే పైకి పోయి మగ్గును బోర్లించింది. పీచు తగిలించడం, మగ్గు బోర్లించడం చేతికి అలవాటైన వరస. ఆ వరసలో బకెట్టు తప్పిపోయిన సంగతి చేతికీ తెలియలేదు, ఆవిడకూ తెలియలేదు.

లోపల మామగారి పక్క తడిసిపోయి ఉంది. దుప్పటి మార్చి, ఒళ్ళు తుడిచి, పౌడరు జల్లి, పాలు తాగించేసరికి ఎనిమిదిన్నర దాటింది. ఆ రోజు స్కూలు యూనిఫారాలు ఇచ్చేయాలని టైలరు ముందురోజే నెత్తిన కూర్చున్నాడు. ఆవిడ సంచీ భుజాన వేసుకుని గుమ్మం దాటబోతుంటే మళ్ళీ గ్లాసు. తిరిగి చూస్తే ఆయన ఎడమచెయ్యి కిటికీ వైపు చూపిస్తోంది. కళ్ళు ఇంతింత చేసుకుని ఉన్నాడు.

"మళ్ళీ ఏంటి మామయ్యా? కిటికీ తీయమంటే తీశాను, ఇప్పుడు ముయ్యాలా? నన్ను ఊపిరి తీసుకోనివ్వరు కదా. మధ్యాహ్నం చిన్నదొస్తుంది, ఏముందో దానికి చెప్పుకోండి."

మాట పోయిన మనిషిని చెప్పుకోమంది. సందు చివరిదాకా ఆ టంగుటంగు వినిపిస్తూనే ఉంది. ఆవిడ నడక పెంచింది.

సాయంత్రం ఆరింటికి సందు మలుపు తిరిగేసరికి పక్కింటి టీచరమ్మ గోడ మీదుగా వాళ్ళ పెరట్లోకి తొంగిచూస్తూ కనిపించింది. వారం వారం వీళ్ళ గుడ్లు కొనుక్కునే మనిషి. ఆవిడ ముఖం చూడగానే పెద్దకోడలికి మామగారికి ఏదో అయిందనిపించింది.

"మామయ్య కాదమ్మా. కోళ్ళు," అంది టీచరమ్మ.

దొడ్డిలో చిన్నకోడలు నేల మీద చతికిలబడి ఉంది. ఒళ్ళో గూడ్సు. తడిగుడ్డ కొసను దాని ముక్కు మీద పిండుతోంది, చుక్క తర్వాత చుక్క. మిగతావి రేకు నీడ ఎటు జరిగితే అటు జరిగి, చివరికి గోడమూలలో ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. రెక్కలు విప్పుకుని, ముక్కులు తెరుచుకుని. గార్డు అన్నిటికీ ఇవతల, కాళ్ళు చాపుకుని పడున్నాడు. ఎక్స్‌ప్రెస్సు తొట్టిలోనే చచ్చిపోయింది, టైరు లోపలి వంపులోకి తల దూర్చి.

పెద్దకోడలు తొట్టి వైపు చూసింది. పొద్దున తోమిన గీతలు అలాగే ఉన్నాయి. పాచి లేదు, తడి లేదు. గుంజ వైపు చూసింది. మగ్గు బోర్లించి ఉంది. పీచు మేకుకు వేలాడుతోంది, ఎండి గట్టిపడి. ఒక్కొక్కటే గుర్తొచ్చింది, గ్లాసు చప్పుడు, లేవడం, పీచు, మగ్గు. బకెట్టు మాత్రం ఎంత వెతికినా గుర్తు రాలేదు. ఆవిడ దొడ్డి వల పట్టుకుంది.

అప్పుడే భర్త డ్యూటీ దిగి వచ్చాడు. ఖాకీ చొక్కా గుండీలు విప్పుకుంటూ పెరట్లోకి వచ్చి, అలాగే నిలబడిపోయాడు.

"ఏంటమ్మా ఇది? మధ్యాహ్నం నువ్వు రాలేదా?" అన్నాడు తమ్ముడి భార్యతో.

"వచ్చాను బావా. మగ్గు బోర్లించి ఉంది. అందుకే దొడ్డిలోకి రాలేదు," అంది చిన్నకోడలు తల ఎత్తకుండా.

అతను భార్య వైపు తిరిగాడు. "నువ్వు పోశావా?"

"పోయకుండా బోర్లిస్తానా?"

ఆ మాట ఆవిడ అనుకుని అన్నది కాదు, ఆవిడకంటే ముందే బయటికొచ్చేసింది. గోడ అవతలినుంచి టీచరమ్మ, "ఎండలు అలా ఉన్నాయి బాబూ. నీళ్ళున్నా బతికేవి కావేమో," అంది. దేవతలా అడ్డుపడింది మహాతల్లి. పెద్దకోడలు అక్కడితో నోరు మూసుకుంటే సరిపోయేది. ఎండ మీదికి నెట్టేసి, తలా ఒక నిట్టూర్పు విడిచి, ఎవరి తప్పూ లేకుండా పూడ్చేసుకునేవాళ్ళు. కానీ భయం మనిషిని ఊరుకోనివ్వదు.

"నిండా పోశాను," అంది. "ఇవే తొక్కి ఒంపేసుకునుంటాయి. మధ్యాహ్నం ఇంటికొచ్చిన మనిషి నాలుగడుగులేసి తొంగిచూస్తే ఏం పోయేది? మగ్గుకేమన్నా కళ్ళుంటాయా?"

చిన్నకోడలు ఆ మాటకు తల ఎత్తింది. టైరు వైపు చూసింది. తర్వాత తోడికోడలి వైపు చూసింది. మూడు నెలల్లో మొదటిసారి నేరుగా ముఖంలోకి చూసింది. మళ్ళీ గూడ్సు మీదికి వంగి గుడ్డ పిండింది. భర్త కూడా టైరు వైపు కాసేపు చూశాడు.

"నోరులేని జీవాలమ్మా. ఒక్కసారి చూసుండాల్సింది," అని తమ్ముడి భార్యతో అని, పార కోసం వెళ్ళాడు.

ఇదంతా జరుగుతున్నంతసేపూ మూసిన కిటికీ వెనక గ్లాసు మోగుతూనే ఉంది. ఎవరూ వెళ్ళలేదు. కాసేపటికి అదే ఆగింది.

ఇరవై నాలుగు చచ్చాయి. గోడవార గొయ్యి తీసి పూడ్చారు. ఏడు మిగిలాయి, అందులో గూడ్సు ఒకటి. చీకటి పడే వేళకు చిన్నకోడలు గోడ దగ్గర నిలబడి టీచరమ్మతో చెప్పుకోవడం వంటింట్లో ఉన్న పెద్దకోడలికి వినిపించింది.

"మధ్యాహ్నం మామయ్య కిటికీ చూపించి ఒకటే గోల టీచరమ్మా. గ్లాసు విసిరేశారు కూడా. వేడిగాలి కొడుతోంది కాబోలనుకుని తలుపులు మూసేశాను. మూశాక ఏడ్చారు. కళ్ళు తుడిచి వెళ్ళిపోయాను. అప్పటికింకా బతికే ఉండుంటాయి కదా?"

టీచరమ్మ ఏమందో వినపడలేదు. పెద్దకోడలు పొయ్యి కట్టేసి, ఎందుకు కట్టేసిందో తెలియక మళ్ళీ వెలిగించింది. ఆయన అంతా చూశాడు. పొద్దున మగ్గు బోర్లించడం చూశాడు, బకెట్టు రాకపోవడం చూశాడు. ఒక్కొక్కటే వాలిపోవడం చూశాడు, కిటికీ మూసేదాకా. ముప్ఫై నాలుగేళ్ళు ఒక్క తప్పుడు గుర్తు ఇవ్వని మనిషి, కళ్ళెదుట తప్పుడు గుర్తు పెట్టుకుని, గ్లాసుతో ఇనుము మీద కొట్టి కొట్టి అలసిపోయాడు. ఇప్పుడే వెళ్ళి చెప్పేస్తే? చిన్నదాని కాళ్ళ మీద పడితే? గుమ్మం దాకా వెళ్ళింది కూడా. అక్కడినుంచి కాళ్ళు కదల్లేదు.

మర్నాడు పొద్దున్నే చిన్నకోడలు సంచీ సర్దుకుంది. మిగిలిన ఏడింటికీ నీళ్ళు పెట్టి, మేత వేసి, మామగారికి తన చేత్తో గ్లాసెడు నీళ్ళు పట్టింది. ఆయన చుక్క మిగల్చకుండా తాగి, ఎడమచేత్తో ఆవిడ మణికట్టు పట్టుకుని వదల్లేదు. వేళ్ళు ఒక్కొక్కటిగా విడదీసుకోవాల్సి వచ్చింది.

"ఎక్కడికమ్మా ఇప్పుడు?" అన్నాడు బావ, గొంతులో బలం లేకుండా.

"అన్నయ్యావాళ్ళింటికి బావా. కొన్నాళ్ళు."

కొన్నాళ్ళంటే ఏమిటో ముగ్గురికీ తెలుసు. ఉండమని ఎవరూ గట్టిగా అనలేదు. అలా అనాల్సినావిడ వంటింట్లో కడిగిన గిన్నెలే కడుగుతోంది.

మగ్గు బోర్లించే ఉంది. రోజూ సాయంత్రం దాన్ని నిలబెట్టే చెయ్యి ముందురోజు దాని జోలికి వెళ్ళలేదు.

ఆ మధ్యాహ్నం పెద్దకోడలు మామగారికి నీళ్ళు తీసుకెళ్ళింది. ఆయన గ్లాసు అందుకున్నాడు. నోటి దగ్గరికి తీసుకెళ్ళలేదు. ఆవిడ కళ్ళలోకి చూస్తూ కిటికీ గట్టు మీద దాన్ని బోర్లించాడు. నీళ్ళు గోడ మీదుగా కారి మంచం కిందికి పోయాయి.

చెయ్యి వణికిందేమో అనుకుంది. తుడిచి, ఇంకో గ్లాసు తెచ్చింది. అదీ బోర్లించాడు. మూడోది తనే పట్టుకుని నోటికి ఆనిస్తే పళ్ళు బిగించాడు. భర్త వచ్చి పట్టినా అంతే.

"చిన్నది వెళ్ళిందని బెంగ," అన్నాడు అతను. "రెండు పూటలు పోతే ఆయనే తాగుతాడు." మర్నాడు తెల్లారగానే దూరపు ట్రిప్పుకు వెళ్ళిపోయాడు, మళ్ళీ రావడం రెండు రోజులకు.

పెద్దకోడలు దుకాణానికి వెళ్ళలేదు. పొద్దున పాలు పట్టబోతే బోర్లించాడు. స్పూనుతో పోస్తే పెదవి చివరినుంచి కారిపోయింది. టీచరమ్మ వచ్చి "తాతగారూ, నా మాట వినండి" అని బతిమాలితే ఆవిడ మర్యాద కోసం గ్లాసు అందుకుని, మెల్లగా బోర్లించాడు. "ఇలాగే ఉంటే సాయంత్రానికి ఆసుపత్రికి తీసుకుపోవాలమ్మా, సెలైను ఎక్కించాలి," అని టీచరమ్మ భయపడుతూ వెళ్ళింది. పదకొండయ్యేసరికి ఆయన పెదవులు పగిలాయి. నోరు కొద్దిగా తెరుచుకుని ఊపిరి తీస్తున్నాడు. ఆ తెరుచుకున్న నోరు చూడగానే పెద్దకోడలికి గోడమూలలో పడున్న కోళ్ళు గుర్తొచ్చాయి.

"ఏం చేయమంటారు మామయ్యా?" అంది. ఏడుపు వచ్చేసింది. "పోయలేదు. మర్చిపోయాను. కావాలని చేశానా? మీ పక్క తడిస్తే పరిగెత్తుకొచ్చానే. తెలుసు కదా మీకు!"

ఆయన కళ్ళు ఆవిడ మీదినుంచి కిటికీలోంచి బయటికి వెళ్ళాయి. ఆయనకు తెలిసిందే మళ్ళీ ఆయనకే చెప్పడం ఎందుకు? తెలియాల్సింది ఆయనకా?

ఆవిడ పెరట్లోకి వెళ్ళి మగ్గును నిలబెట్టింది. తిరిగొచ్చి ఫోను తీసి, ఆయన మంచం పక్కనే కూర్చుని, స్పీకరు పెట్టి భర్తకు చేసింది. అటునుంచి బస్టాండు గోల, హారన్లు.

"ఏమైంది? నాన్న తాగాడా?"

"ఏవండీ, ఆ రోజు కోళ్ళకు నేను నీళ్ళు పోయలేదు. పోయకుండానే మగ్గు బోర్లించాను. చిన్నదాని తప్పేం లేదు."

"తెలుసు," అన్నాడు అతను.

"ఏం తెలుసు?"

"ఆ టైరు తెచ్చింది నేనే కదే. ఏ కోడి ఒంపుతుంది దాన్ని? తోమిన గీతలు కూడా చూశాను."

"మరి ఎందుకు మాట్లాడలేదు?"

"ఏం మాట్లాడను? అంతమందిలో నిన్ను అబద్ధాలకోరువని అననా? నువ్వు ఇంట్లో ఉండాల్సినదానివి. ఆ అమ్మాయి..." అతను ఆ మాట పూర్తి చేయలేదు. "బండి కదులుతోంది, ఉంటా."

పెద్దకోడలు ఫోను ఒళ్ళో పెట్టుకుంది. ఇంతసేపూ తన పాపం తన ఒక్కదానిదే అనుకుంది. పంచుకునేవాడు దొరికినందుకు తేలిక పడాల్సింది పోయి, ఇంకా బరువెక్కింది. ముసలాయన కళ్ళు మూసుకున్నాడు. కొడుకు గొంతు ఆయనా విన్నాడు. మూసిన రెప్పల కిందినుంచి నీళ్ళు చెవి వైపు జారాయి. ఒంట్లో నీటిచుక్క లేని మనిషికి అవి ఎక్కడినుంచి వచ్చాయో.

ఆవిడ రెండో ఫోను చేసింది. చాలాసేపు మోగాక తీసింది చిన్నకోడలు. వెనకాల ఎవరో గిన్నెలు విసురుతున్న చప్పుడు.

"నేనే. మీ బావకు చెప్పేశాను, నీళ్ళు పోయలేదని. మామయ్య నిన్నటినుంచి మంచినీళ్ళు ముట్టలేదే. ఇచ్చిన గ్లాసల్లా బోర్లిస్తున్నారు."

"ఆయనకు ఇవ్వు అక్కా."

ఫోను ఆయన చెవి దగ్గర పెట్టింది. "మామయ్యా," అంది ఆ గొంతు, "అక్క చెప్పేసిందట కదా. ఇక తాగండి. నా మీద ఒట్టు, తాగండి."

పెద్దకోడలు గ్లాసు అందించింది. ఆయన దాన్ని చాలాసేపు అలాగే పట్టుకున్నాడు. తర్వాత తాగాడు. సగం గడ్డం మీదుగా కారినా, మిగతా సగం గుటకలు వేయడం వినిపించింది.

"తాగారే. తాగారు," అంది పెద్దకోడలు ఫోనులో. "వచ్చెయ్యవే. ఆ రోజు కంచం దగ్గర అన్న మాట కూడా... నా నోరు పడిపోను. వచ్చెయ్యి. సాయంత్రం బస్సుకే వచ్చెయ్యి."

"మగ్గు చూసి నమ్మాను అక్కా. లోపలికెళ్ళి చూడలేదు, అది నా తప్పే. ఇక నుంచి ప్రతిదీ లోపలికెళ్ళి చూసుకోవాల్సిన ఇంట్లో నేను ఉండలేను. ఇక్కడ ఎవరూ నమ్మమని అడగరు, అదే సుఖం. ఒక హాస్టల్ వంటింట్లో పని అడిగాను, అక్కడే పడుకోనిస్తారట." కాస్త ఆగి, "గూడ్సు ఎలా ఉంది?" అని అడిగింది.

"బాగుంది. తింటోంది."

"దానికి తవుడు తడిపి పెట్టు. పొడిది మింగలేదు," అని పెట్టేసింది.

ఆవిడ రాలేదు. నెల దాటింది, రెండు నెలలు దాటాయి. భర్త కొత్తగా పది పిల్లల్ని తెస్తానంటే పెద్దకోడలు వద్దంది. ఉన్న ఏడింటితోనే పొద్దుపోతోంది. అతనితో మాట్లాడుతుంది, అన్నం పెడుతుంది, ఆ ఫోను సంగతి మాత్రం ఇద్దరూ ఎత్తరు. మధ్యాహ్నం మామగారికి అన్నం పెట్టేవాళ్ళు లేక దుకాణంలో ఒక్క పూట పనికే ఒప్పుకుంది.

పొద్దున మేత వేస్తుంది. టైరు తోముతుంది. బకెట్టుతో నీళ్ళు నింపుతుంది. పీచు మేకుకు తగిలించి మగ్గు బోర్లిస్తుంది, ఆ గుర్తు చదువుకునే మనిషి ఇంట్లో లేకపోయినా. గుమ్మం దాకా వెళ్ళి, నిజంగా పోశానా లేదా అనుకుని వెనక్కి వస్తుంది. కళ్ళ మీద నమ్మకం పోయి, వంగి తొట్టిలో మణికట్టు దాకా చెయ్యి ముంచుతుంది. కొన్ని రోజులు రెండుసార్లు ముంచుతుంది.

కిటికీలోంచి ఆయన ఇదంతా చూస్తుంటాడు. గట్టు మీద ఆయన గ్లాసు బోర్లించి ఉంటుంది. ఆవిడ ముంచిన చెయ్యి పైకెత్తి, నీళ్ళు కారుతుండగా ఆ కిటికీ వైపు చూపిస్తుంది. అది చూశాకే ఆయన గ్లాసు నిలబెడతాడు, ఆవిడ లోపలికెళ్ళి నీళ్ళు పోస్తుంది.